నేల పట్టి ఉంచిన కప్పు

పెద్ద రైల్వేస్టేషనును చూడబోయినవారి చూపు సామాన్యముగా పైకి పోవును. గడియారపు బురుజు, చెక్కడపు పని గల ద్వారములు, ఎత్తయిన కప్పు మనస్సును ఆకర్షించును. కాని లండను నగరములోని సెయింట్ పాంక్రాస్ స్టేషనులో పైకి చూచినవారు తప్పక క్రిందికి కూడ చూడవలెను. అక్కడి కప్పు రహస్యము కప్పులో లేదు. ప్రయాణికులు నడచు నేలలో ఉన్నది.

ఈ స్టేషను 1868 అక్టోబరు 1న ప్రారంభమైనది. రైళ్లు నిలుచు శాలపై ఒకే ఒక ఇనుప కమాను కప్పు, ఈ అంచు నుండి ఆ అంచు వరకు, సుమారు 73 మీటర్ల వెడల్పున పరచుకొని ఉన్నది. అనగా మూడున్నర క్రికెట్ పిచ్చులను కొసకు కొస కలిపి పరచినంత దూరము. కప్పు శిఖరము పట్టాలకు 30 మీటర్ల ఎత్తున ఉన్నది. శాల పొడవు 210 మీటర్లు. ఆనాటికి ప్రపంచములో ఇంత వెడల్పైన కప్పును మధ్య స్తంభము లేకుండ ఎవరును కట్టలేదు. స్తంభములు లేవు సరే, కమాను కాళ్లు రెండును విడిపోకుండ కలిపి కట్టు కడ్డీలైనను పైన ఎక్కడను కానరావు. అయినను కప్పు ఒకటిన్నర శతాబ్దమునకు పైగా నిలిచియున్నది. దీనిని పట్టి ఉంచినది ఏది?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక కాలువతోను, కొన్ని సారాయి పీపాలతోను మొదలగును.

కాలువ తెచ్చిన చిక్కు

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున మిడ్లండు రైల్వేకు లండనులో సొంత స్టేషను లేదు. ఆ కంపెనీ రైళ్లు గ్రేట్ నార్తర్న్ రైల్వే వారి పట్టాలపై వచ్చి, వారి కింగ్స్ క్రాస్ స్టేషనులో ఆగెడివి. 1862లో లండనులో అంతర్జాతీయ ప్రదర్శన జరిగినప్పుడు ఆ రద్దీ భరింపరానిదైనది. అప్పుడు మిడ్లండు వారు బెడ్ ఫర్డు నుండి లండనుకు తమ సొంత మార్గము వేయుటకును, కింగ్స్ క్రాస్ ప్రక్కనే తమ స్టేషను కట్టుటకును నిశ్చయించినారు. ఇంజనీరు విలియం హెన్రీ బార్లో.

స్టేషను స్థలమునకు ఉత్తరముగా రీజెంట్స్ కాలువ అడ్డముగా పారుచున్నది. కింగ్స్ క్రాస్ కు వచ్చు పట్టాలు కాలువ క్రింద సొరంగములో నుండి వచ్చును. బార్లో తన పట్టాలను కాలువ పైనుండి వంతెనపై తెచ్చినాడు. కాలువను దాటుటకు ఎక్కిన రైలు, అంత కొద్ది దూరములో వీధి మట్టమునకు దిగజాలదు. అంత ఏటవాలుపై ఆవిరి యంత్రములు బరువైన రైళ్లను లాగలేవు. కాబట్టి స్టేషను నేలయే వీధికంటె సుమారు 5 మీటర్లు ఎత్తున ఉండవలసి వచ్చినది.

ఈ మార్గము ఖాళీ నేలపై పడలేదని కూడ చెప్పవలెను. అగార్ టౌను అను పేదల పేటను తుడిచివేసి, పాత సెయింట్ పాంక్రాస్ శ్మశానవాటికలో కొంత భాగమును త్రవ్వి, పట్టాలు వేసినారు. సమాధులలోని అవశేషములను తరలించు పనిని పర్యవేక్షించిన యువకులలో తరువాత ప్రసిద్ధ నవలాకారుడైన థామస్ హార్డీ ఒకడు. అప్పుడతడు వాస్తుశిల్పి వద్ద పనిచేయుచుండెను.

పీపా కొలబద్ద అయినది

నేలను ఎత్తు చేయుటకు సులభమైన ఉపాయము మట్టి పోయుట. సొరంగములు త్రవ్వగా వచ్చిన మట్టిని ఇందుకు వాడవలెనని మొదట అనుకొన్నారు. కాని వీధికి సమమట్టములో, నగరము నడిబొడ్డున అంత విశాలమైన చోటును మట్టితో పూడ్చుట కంటె గిడ్డంగిగా అద్దెకిచ్చుట లాభకరమని కంపెనీ జనరల్ మేనేజరు జేమ్స్ ఆల్పోర్టు తదితరులు గ్రహించినారు. మిడ్లండు రైల్వే మార్గములో బర్టన్ అను ఊరున్నది. ఆ ఊరి నీటిలో జిప్సము, అనగా కాల్షియం సల్ఫేటు, ఎక్కువ. దానివలన అక్కడి బీరుకు మంచి పేరు. లండనుకు వచ్చు ఆ బీరు పీపాలకు స్టేషను క్రింది చోటు తగిన కొట్టు. పీపాలతో వచ్చిన వాగనులను నీటి ఒత్తిడితో పనిచేయు లిఫ్టుపై క్రింది అంతస్తుకు దింపెడివారు.

కొట్టుగా వాడవలెనన్నచో లోపల చోటు మిగులవలెను. ఇటుక స్తంభములు, ఇటుక కమానులు కట్టినచో అవే సగము చోటును తినివేయును. బార్లో సన్నని పోత ఇనుప స్తంభములను ఎన్నుకొన్నాడు. వాటి మధ్య దూరము ఎంత ఉండవలెను? పీపాలు సరిగా ఇముడునంత. పీపాలను పేర్చు కొలతను బట్టి స్తంభము నుండి స్తంభమునకు 14 అడుగుల 8 అంగుళములు (సుమారు 4.5 మీటర్లు) అని నిర్ణయమైనది. ఈ మాట వినోదముగా తోచవచ్చును గాని, ఆ కట్టడమునకు మూలమానము బీరు పీపాయే అని బార్లో స్వయముగా చెప్పియున్నాడు. పై కప్పులోని కమానుల మధ్య దూరము 29 అడుగుల 4 అంగుళములు. అనగా క్రింది కొలతకు సరిగా రెట్టింపు.

ఇక్కడ లోహముల ఎన్నిక గమనింపదగినది. పోత ఇనుము నొక్కుడును, అనగా సంపీడనమును, బాగుగా ఓర్చుకొనును. లాగినచో పెళుసుగా విరిగిపోవును. స్తంభము మీద పడునది నొక్కుడే కాబట్టి అక్కడ పోత ఇనుము. దూలము వంగినప్పుడు దాని అడుగుభాగము సాగును. లాగుడును, అనగా తన్య బలమును, తట్టుకొను చేత ఇనుము అక్కడ అవసరము. స్తంభములపై పరచిన దూలములు స్టేషను ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు చేత ఇనుపవే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. కథ అంతయు దీనిపై ఆధారపడి ఉన్నది.

కమాను ఎందుకు కాళ్లు చాచును?

దూలముపై బరువు పెట్టినచో అది గోడలను క్రిందికి మాత్రమే నొక్కును. కమాను అట్లు కాదు. బరువు దాని వంపు వెంట జారి, కాళ్ల వద్ద క్రిందికే గాక బయటికి కూడ నెట్టును. నున్నని నేలపై రెండు కాళ్లు ఎడముగా చాచి నిలుచున్నవాని పాదములు ఇంకను జారిపోవుటకు చూచును గదా! ఈ బయటి నెట్టుడును అడ్డతోపు అందము. దానిని ఎదుర్కొనకపోయినచో కాళ్లు విడిపోయి కమాను కూలును.

అడ్డతోపు ఎంత? బరువు సమముగా పరచియున్న, పరావలయపు ఆకారము గల కమానుకు లెక్క సులభము:

అడ్డతోపు = (మొత్తము బరువు × వెడల్పు) ÷ (8 × ఎత్తు)

సెయింట్ పాంక్రాస్ కప్పుకు వెడల్పు 73 మీటర్లు, ఎత్తు సుమారు 30 మీటర్లు. 73ను 240తో భాగించినచో రమారమి 0.3 వచ్చును. అనగా ఒక్కొక్క కమాను మోయుచున్న ప్రతి 100 టన్నులకు ఒక్కొక్క కాలి వద్ద సుమారు 30 టన్నుల నెట్టుడు. కప్పు ఎత్తు సగమైనచో ఈ నెట్టుడు రెట్టింపగును. నిజమైన కప్పు ఆకారము అచ్చముగా పరావలయము కాదు. గాలి తాకిడి వేరుగా లెక్కింపవలెను. అయినను బలముల పరిమాణము తెలియుటకు ఈ లెక్క చాలును.

ఈ నెట్టుడును ఆపుటకు అప్పటికి తెలిసిన మార్గములు మూడు. మొదటిది, గోడలను మిక్కిలి మందముగా కట్టుట, లేదా ఆపుడు గోడలు చేర్చుట. దీనికి చోటు, ఖర్చు ఎక్కువ. రెండవది, వెడల్పును విభజించుట. ప్రక్కనున్న కింగ్స్ క్రాస్ స్టేషనును (1852) ఇట్లే కట్టినారు. అందు ఒక్కొక్కటి 32 మీటర్ల వెడల్పు గల రెండు కమాను కప్పులు ప్రక్కప్రక్కన నిలిచి, మధ్య గోడపై కలియును. మధ్యలో గోడ వచ్చినచో పట్టాలను తరువాత అటునిటు మార్చుటకు వీలుండదు. పైగా సెయింట్ పాంక్రాస్ లో కప్పు బరువు గల స్తంభములు క్రింది కొట్టులోనికి దిగి, అక్కడి పీపాల వరుసలను చెరచి ఉండెడివి. మూడవది, కమాను కాళ్ల మధ్య కడ్డీలు బిగించుట. ఇవి గాలిలో వ్రేలాడుచు, కప్పు ఎత్తును, అందమును చెరచును.

విల్లు, నారి

బార్లో మూడవ మార్గమునే పట్టినాడు. కాని కడ్డీని గాలిలో వ్రేలాడదీయలేదు. పీపాల కొట్టుపై, స్టేషను వెడల్పంతయు పరచిన చేత ఇనుప దూలములు ముందే ఉన్నవి. రైళ్లను మోయుటకు అవి ఎట్లును కావలెను. కమాను కాళ్లను ఆ దూలముల కొసలకు బిగించినచో, ఎడమ కాలి నెట్టుడు ఎడమకు, కుడి కాలి నెట్టుడు కుడికి లాగును. రెండును సమానము, ఎదురెదురు; దూలములు సాగుటకు ఒప్పుకొనవు. అంతటితో లెక్క సరిపోయినది. గోడలకు ఆ నెట్టుడు సోకదు.

‘కమాను’ అను మాట మనకు పారశీకము నుండి వచ్చినది. ఆ భాషలో దానికి విల్లు అనియే అర్థము. విల్లు వంగియుండుటకు కారణము నారి. నారి తెగినచో విల్లు నిటారగును. సెయింట్ పాంక్రాస్ లో ఇనుప కప్పు విల్లు. ప్లాటుఫారముల క్రింది నేల నారి. ప్రయాణికులు ఆ నారిపై నడచుచు విల్లును మాత్రమే చూచుచున్నారు.

కప్పు వివరములను రూపొందించుటలో బార్లోకు రోలండ్ మేసన్ ఆర్డిష్ అను ఇంజనీరు తోడ్పడినాడు. డెర్బీషైరులోని బటర్లీ కంపెనీ ఇనుప పనిని పోతపోసి, అతికి ఇచ్చినది. చక్రములపై కదలు పెద్ద కొయ్య మంచెను నిలిపి, దానిపై కొన్ని కమానులను కూర్చి, మంచెను ముందుకు జరుపుచు కప్పును పూర్తిచేసినారు. శిఖరము వద్ద కమాను కొంచెము మొనదేరి ఉండును. ప్రక్కనుండి కొట్టు గాలికి ఎదురు నిలుచుటకు ఆ మొన తోడ్పడునని బార్లో భావము.

ఎండకు కప్పు ఎటు పోవును?

ఇనుము వేడికి వ్యాకోచించునని ప్రాథమిక తరగతులలోనే చదువుదుము. ఒక్క డిగ్రీ సెంటీగ్రేడు పెరిగినచో మీటరు ఇనుము మీటరులో పది లక్షల వంతులు చేయగా సుమారు 12 వంతులు పెరుగును. ఈ కమాను వంపు పొడవు రమారమి 105 మీటర్లు. చలికాలపు రాత్రికి, వేసవి మధ్యాహ్నమునకు 20 డిగ్రీల భేద మనుకొన్నచో వంపు పొడవు 25 మిల్లీమీటర్లు పెరుగును. చాల కప్పులలో ఇందుకై ఒక కాలి క్రింద రోలర్లు పెట్టి, అటునిటు జరుగనిత్తురు.

ఇక్కడ ఆ అవసరము లేకపోయినది. నారి నేలలో ఉన్నది; దానికి ఎండ తగలదు, దాని ఉష్ణోగ్రత అంతగా మారదు. కాబట్టి కాళ్లు కదలవు. పెరిగిన పొడవంతయు పైకి పోవలసినదే. శిఖరము కొద్దిగా, మన లెక్కలో రెండు సెంటీమీటర్ల లోపున, పైకి లేచి, చలికి మరల దిగును. కప్పు ఊపిరి పీల్చి విడుచునట్లు ఈ చలనము ఎవరికిని తెలియకయే జరుగుచుండును. బార్లో దీనిని ముందే ఆలోచించి, తన పద్ధతికి ఇది ఒక లాభముగా పేర్కొన్నాడు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ సంగతిని సులభముగా చూపవచ్చును. ఒక మీటరు పొడవైన సన్నని వెదురు బద్దను వంచి, నున్నని బల్లపై రెండు పుస్తకముల మధ్య కమానుగా నిలుపవలెను. దానిపై సమాన దూరములలో అయిదు చిన్న ఇసుక సంచులను వ్రేలాడదీయగా పుస్తకములు బయటికి జరుగును. అడ్డతోపు కంటికి కనిపించినది.

తరువాత పుస్తకములను తీసివేసి, బద్ద కొసలను దారముతో కట్టి, దారము మధ్య ఒక స్ప్రింగు త్రాసు ఉంచవలెను. వంచిన వెదురునకు స్వతహాగా తిన్నబడు స్వభావ మున్నది గావున సంచులు లేనప్పుడే త్రాసు కొంత చూపును. ఆ అంకెను ముందు వ్రాసికొనవలెను. సంచులు తగిలించిన తరువాత వచ్చిన అంకె నుండి దానిని తీసివేసినచో బరువు వలన కలిగిన లాగుడు తెలియును. దారమును పొడిగించి కమానును చదునుగా చేసి మరల చూడవలెను. ఎత్తు తగ్గినకొలది లాగుడు పెరుగుట విద్యార్థులు తామే కనుగొందురు. అంకెలు పై లెక్కతో అచ్చముగా కలియవు. అవి మారు తీరు కలియును. ఎందుకు కలియవో చర్చించుటయు మంచి పాఠమే. చివర దారమును కత్తిరించినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

గోదావరిపై అదే సూత్రము

ఈ సూత్రమును చూచుటకు లండను దాక పోనక్కరలేదు. రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై 1991, 1997 సంవత్సరముల మధ్య కట్టిన మూడవ రైలు వంతెనలో 28 కమానులు వరుసగా నిలిచియున్నవి. ఒక్కొక్క దాని వెడల్పు సుమారు 97.5 మీటర్లు, కాంక్రీటుతో కట్టినవి. ఒక్కొక్క కమాను కాళ్లను కలుపుచు రైలు నడచు తలము నారివలె బిగువుగా ఉన్నది. అందువలన నదిలోని స్తంభములు బరువును మాత్రము మోయును. కమానుల అడ్డతోపు వాటికి తగులదు. ఒక భేదము గలదు. వంతెన తలము కమాను నుండి నిలువు పట్టీలతో వ్రేలాడును. సెయింట్ పాంక్రాస్ లో నేల తన స్తంభములపై తాను నిలుచును. కమానుతో దాని సంబంధము కాళ్ల వద్ద మాత్రమే. ఒకచోట ఇనుము, ఒకచోట కాంక్రీటు. మధ్య నూట ముప్పది ఏండ్లు. సూత్రము ఒక్కటే.

కూల్చవలెనన్న రోజులు

స్టేషను ముందరి ఎర్ర ఇటుకల భవనము వేరొకరి పని. అది మిడ్లండు గ్రాండ్ హోటలు, వాస్తుశిల్పి జార్జి గిల్బర్ట్ స్కాట్, 1873లో తెరిచినారు. గోపురములతో, మొనదేరిన కిటికీలతో కోటవలె కనబడు ఆ హోటలు 1935లో మూతపడినది. పిమ్మట దానిని కార్యాలయములకు వాడినారు. 1960 తరువాత పాత కట్టడములపై ఆదరము తగ్గినది. సమీపములోని యూస్టన్ స్టేషను ముందున్న ప్రసిద్ధమైన రాతి ద్వారమును 1961-62లో కూల్చివేసినారు. సెయింట్ పాంక్రాస్, కింగ్స్ క్రాస్ స్టేషనులను ఒకటిగా కలుపవలెనను ఆలోచన 1966లో వచ్చినది. కవి జాన్ బెట్జమన్, విక్టోరియన్ సొసైటీ మొదలగువారు ఆందోళన చేయగా, 1967లో ప్రభుత్వము దీనిని మొదటి తరగతి రక్షిత కట్టడముగా ప్రకటించినది.

రక్షణ పత్రము కట్టడమును కూలకుండ ఆపును గాని దానికి పని కల్పించదు. పని తరువాత వచ్చినది. ఇంగ్లీషు చానెల్ క్రింది సొరంగము గుండా పారిస్ కు పోవు వేగపు రైళ్లకు ఈ స్టేషనును ఎన్నుకొన్నారు. ఆ రైళ్ల పొడవు సుమారు 400 మీటర్లు. బార్లో శాల 210 మీటర్లే. కాబట్టి ఉత్తరమున చదునైన కొత్త కప్పును చేర్చి ప్లాటుఫారములను పొడిగించినారు. పీపాల కొట్టు ప్రయాణికుల శాలగా మారినది.

అసలు పరీక్ష ఇక్కడనే వచ్చినది. క్రింది శాలకు వెలుతురు రావలెను. అక్కడినుండి పైకి మెట్లు, ఎస్కలేటర్లు పోవలెను. అందుకు నేలను కోయవలెను. కాని నేల అనగా నారి! సంగతి తెలియనివాడు దానిని మామూలు అంతస్తు అనుకొని కోసినచో పైనున్న విల్లుకు ప్రమాదము. ఇంజనీర్లకు సంగతి తెలియును. తెగిన చోట లాగుడు ఆగిపోకుండ, తెరపు చుట్టును తిరిగి పోవుటకు దారి కల్పించి, నేలను బలపరచినారు. 2007 నవంబరు 6న ఎలిజబెత్ రాణి స్టేషనును పునఃప్రారంభించినది. నవంబరు 14 నుండి పారిస్ రైళ్లు నడచినవి. హోటలు కూడ 2011లో మరల తెరువబడినది.

చూడబోవువారికి

ఎప్పుడైనను అక్కడికి పోగలిగినవారు ఈ వరుసలో చూచుట మేలు. మొదట వీధి మట్టముననే లోనికి ప్రవేశించి, దుకాణముల మధ్య నిలిచియున్న పోత ఇనుప స్తంభములను చూడవలెను. రెండింటి మధ్య అడుగులు లెక్కించినచో పీపాల కొలత కాలికి తెలియును. పైన కోసిన తెరపుల నుండి కప్పు కనబడును. విల్లును, నారిని ఒకేసారి చూడగల చోటు అదియే. పిమ్మట పై అంతస్తుకు ఎక్కి, లేత నీలి రంగు వేసిన కమాను ఒకదానిని శిఖరము నుండి క్రింది వరకు కంటితో అనుసరింపవలెను. అది గోడపై ఆగదు, నేలలోనికి దిగిపోవును. ప్రక్కనున్న ఇటుక గోడ కప్పును మోయుట లేదు. చోటును మూయుచున్నది, అంతే. కమాను పాదముల వద్ద బటర్లీ కంపెనీ పేరును, 1867 సంవత్సరమును చూడవచ్చును.

పాత కట్టడమును కాపాడుట అనగా దాని అందమును మెచ్చుకొనుట ఒక్కటే కాదు. అది ఎట్లు నిలిచియున్నదో తెలిసినవారు ప్రతి తరములోను కొందరుండవలెను. 1868లో నేలను నారిగా చేసినది ఆ జ్ఞానము. 2007లో నేలను కోసియు కప్పును నిలిపినది ఆ జ్ఞానమే. మన ఊళ్లలోని పాత వంతెనలు, కోటలు, స్టేషనులు కూడ ఇట్టి ప్రశ్నకై ఎదురుచూచుచున్నవి. బరువు ఎటునుండి ఎటు పోవుచున్నది అని ఒక్కసారి అడిగి చూచినచో, రోజును చూచు గోడయు, నడచు నేలయు కొత్తగా కనబడును.